ఎవరూ లేని ఫామ్‌హౌస్‌లో ఫ్రిజ్: సోలార్‌తో వారమంతా నడుస్తుందా?

ఊరి చివర రెండెకరాల తోట, అందులో ఒక రేకుల గది. కరెంటు స్తంభం కిలోమీటర్ దూరంలో ఉంది. శనివారం వెళ్తారు, ఆదివారం సాయంత్రం తిరిగొచ్చేస్తారు. లైట్లు, ఫ్యాన్, ఫోన్ ఛార్జింగ్ సోలార్‌తో హాయిగా నడిచిపోతున్నాయి. ఇక మిగిలింది ఫ్రిజ్. "ఒక ప్యానెల్ ఉంది, ఇంట్లో పాత ఇన్వర్టర్, బ్యాటరీ ఉన్నాయి, చాలవా బ్రో?" అని చాలామంది అడుగుతుంటారు.

మనిషి ఉండే చోటైతే చాలావరకు చాలు. బ్యాటరీ డౌన్ అయితే బీప్ వినిపిస్తుంది, లేచి ఏదో ఒకటి చేస్తాం. మనిషి లేని చోట కథ వేరు. మంగళవారం రాత్రి సిస్టమ్ ఆగిపోయి, బుధవారం మధ్యాహ్నం ఎండకి మళ్లీ ఆన్ అయిందనుకోండి. శనివారం మీరు తలుపు తీసేసరికి లోపలంతా చల్లగానే ఉంటుంది. మధ్యలో చికెన్ కొన్ని గంటలపాటు గది వేడిలో ఉందన్న సంగతి చేత్తో ముట్టుకుంటే తెలియదు. ఆగిపోయిన ఫ్రిజ్ కంటే, ఆగి మళ్లీ నడిచిన ఫ్రిజ్ డేంజర్. కాబట్టి సిస్టమ్ డిజైన్ చేసేటప్పుడు "ఎంతసేపు నడుస్తుంది" అన్నదానితో పాటు "ఆగితే ఏమవుతుంది" అన్నది కూడా చూడాలి.

ఫ్రిజ్ కంటే ముందు ఇన్వర్టర్‌ని చూడండి

సింగిల్ డోర్ ఫ్రిజ్ మీద స్టార్ లేబుల్ ఉంటుంది కదా, అందులో ఏడాదికి 180 యూనిట్లు అని ఉందనుకుందాం. అంటే రోజుకి అర యూనిట్. కానీ అది ల్యాబ్ లెక్క. మే నెలలో రేకుల గదిలో కంప్రెసర్ దాదాపు ఆగకుండా తిరుగుతుంది, కాబట్టి 0.8 యూనిట్ వేసుకోవడం సేఫ్.

అందరూ మర్చిపోయేది ఇన్వర్టర్ సొంత తిండి. లోడ్ ఏమీ లేకపోయినా అది ఊరికే 15 వాట్లు తాగుతుందనుకుంటే, 24 గంటలకి 360 వాట్-అవర్స్. లేబుల్ ప్రకారం ఫ్రిజ్ తినేదాంట్లో ఇది మూడొంతులకు దగ్గర! ఫ్రిజ్ పక్కన ఇంకో చిన్న ఫ్రిజ్ పెట్టినట్టే. కొన్నింటిలో లోడ్ లేనప్పుడు నిద్రపోయే ఎకో మోడ్ ఉంటుంది. అయితే ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఉన్న ఫ్రిజ్‌లు స్టాండ్‌బైలో మరీ తక్కువ కరెంటు లాగడం వల్ల ఇన్వర్టర్ అసలు మేల్కోకపోవచ్చు. ఇది ఇంట్లోనే టెస్ట్ చేసుకుని వెళ్లండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మాత్రం వద్దు. దాని మీద మోటార్ మూలుగుతూ, వేడెక్కుతూ నడుస్తుంది. పాత మోడల్ కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న ఫ్రిజ్ నెమ్మదిగా స్పీడ్ అందుకుంటుంది కాబట్టి ఆ బాధ తక్కువ.

ఫ్రిజ్, ఇన్వర్టర్, మధ్యలో పోయే నష్టాలు కలిపితే రోజుకి సుమారు 1.25 యూనిట్లు. మూడు రోజులు ఎండ లేకపోయినా నడవాలంటే 3.75 యూనిట్లు నిల్వ కావాలి. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో కాగితం మీద 1.8 యూనిట్లు ఉంటాయి. దాని ఆయుష్షు కాపాడుకోవాలంటే సగమే వాడాలి. అంటే నాలుగు బ్యాటరీలు! పైగా 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకీ లెడ్ యాసిడ్ ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. రేకుల గదిలో దాని గతి మీరే ఊహించుకోండి.

అందుకే ఇలాంటి చోటికి నా ఓటు 12 వోల్ట్ డీసీ ఫ్రిజ్‌కే. క్యాంపింగ్ వ్యాన్లలో, పడవల్లో వాడేది ఇదే. మధ్యలో ఇన్వర్టర్ ఉండదు. ధర అదే సైజు మామూలు ఫ్రిజ్ కంటే బాగా ఎక్కువ, ఒప్పుకుంటాను. కానీ చిన్న డీసీ ఫ్రిజ్‌కి రోజుకి 0.5 నుంచి 0.6 యూనిట్ వేసుకుంటే, ఒక్క 150 ఏహెచ్ లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీతో (సుమారు 1.9 యూనిట్లు) మూడు రోజులు గట్టెక్కుతాం. మిగిలిన బ్యాటరీల ఖర్చు తీసేసి చూస్తే ధరలో తేడా చాలావరకు కలిసొస్తుంది.

ప్యానెల్ దగ్గర పిసినారితనం వద్దు

మంచి ఎండలో మన దగ్గర 1 కిలోవాట్ ప్యానెళ్లు రోజుకి 4 నుంచి 5 యూనిట్లు ఇస్తాయి. ముసురు పట్టిన రోజు అందులో నాలుగో వంతు వస్తే గొప్ప. మన లెక్క ఆ రోజుకి వేసుకోవాలి. ఒక 540 వాట్ల ప్యానెల్ అలాంటి రోజున కూడా అర యూనిట్ చుట్టుపక్కల ఇస్తే డీసీ ఫ్రిజ్ ఖర్చు దాదాపు వచ్చేసినట్టే, బ్యాటరీని ముట్టుకునే పని తక్కువ. మామూలు ఫ్రిజ్ ప్లస్ ఇన్వర్టర్ అయితే అలాంటివి రెండు పైనే కావాలి. ఒక బ్యాటరీ పెంచడం కంటే ఒక ప్యానెల్ పెంచడం ఎప్పుడూ చవక.

ఒక మాట: ఈ పెద్ద ప్యానెళ్ల వోల్టేజ్ 40 పైనే. వీటిని చవక పీడబ్ల్యూఎం కంట్రోలర్‌తో 12 వోల్ట్ బ్యాటరీకి కలిపితే 540 వాట్లలో 170 వాట్ల దాకా మాత్రమే అందుతాయి. ఎంపీపీటీ తప్పనిసరి.

ఆగిపోతే తిరిగి లేస్తుందా?

గూగుల్‌లో వెతికితే సైజింగ్ లెక్కలు బోలెడు దొరుకుతాయి. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. తెల్లవారుజామున 4 గంటలకి బ్యాటరీ ఖాళీ అయింది, ఇన్వర్టర్ కట్ అయింది. పొద్దున ఎండ వచ్చాక అది తనంతట తానే ఆన్ అవుతుందా, లేక ఎవరైనా వెళ్లి బటన్ నొక్కాలా? కొన్ని మోడల్స్ కొన్నిసార్లు ట్రిప్ అయ్యాక లాక్ అయిపోతాయి. కొనే ముందు ఆటో రీస్టార్ట్ ఉందో లేదో అడగండి. కొన్నాక బ్యాటరీని కావాలనే ఖాళీ చేసి చూడండి.

లిథియంలో ఇంకో ఉచ్చు ఉంది. బ్యాటరీ లోపల ఉండే బీఎంఎస్ ప్రమాదం అనిపించగానే మొత్తం లైన్ కట్ చేస్తుంది. అప్పుడు టెర్మినల్స్ దగ్గర వోల్టేజ్ కనిపించదు. చాలా ఛార్జ్ కంట్రోలర్లు బ్యాటరీ వోల్టేజ్ చూసే ఆన్ అవుతాయి. బ్యాటరీ కనబడదు కాబట్టి కంట్రోలర్ లేవదు, కంట్రోలర్ లేవదు కాబట్టి బ్యాటరీ ఛార్జ్ అవ్వదు. బయట ఎండ మండిపోతున్నా మీరు వెళ్లేదాకా అంతే. దీనికి మందు సింపుల్: బీఎంఎస్ దాకా రానివ్వకుండా ముందే లోడ్ కట్ చేయడం. కంట్రోలర్ సెట్టింగ్స్‌లో కట్-ఆఫ్ 12 వోల్ట్ దగ్గర, మళ్లీ ఆన్ అయ్యేది 13.2 దగ్గర పెట్టండి. ఈ రెండింటి మధ్య గ్యాప్ లేకపోతే ఫ్రిజ్ నిమిషానికోసారి ఆన్-ఆఫ్ అవుతూ కంప్రెసర్‌ని చంపుతుంది. డీసీ ఫ్రిజ్‌లలో ఎక్కువగా కనిపించే సెకాప్ (పాత పేరు డాన్‌ఫాస్) బీడీ35 కంప్రెసర్ కంట్రోలర్‌లో కట్-ఆఫ్ డిఫాల్ట్‌గా 10.4 వోల్ట్. లిథియంకి అది మరీ కింద. చిన్న రెసిస్టర్ పెట్టి దాన్ని పైకి మార్చుకోవచ్చు.

ఐస్ కూడా ఒక బ్యాటరీయే

కరెంటు లేని ఊళ్లలో వ్యాక్సిన్లు దాచే సోలార్ ఫ్రిజ్‌లు ఉన్నాయి. వాటిలో డైరెక్ట్ డ్రైవ్ రకానికి పెద్ద బ్యాటరీ ఉండదు. ఎండలో కంప్రెసర్ నేరుగా ప్యానెల్ మీద నడిచి నీటిని గడ్డ కట్టిస్తుంది, రాత్రంతా ఆ మంచే చల్లగా ఉంచుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వీటికి పెట్టిన షరతు: ఎండ సరిగ్గా లేకపోయినా కనీసం 3 రోజులు లోపలి చల్లదనం నిలబడాలి.

మనమూ ఈ ట్రిక్ వాడొచ్చు. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌల్స్, అంటే సుమారు 93 వాట్-అవర్స్ వేడి మింగుతుంది. పది లీటర్ల నీళ్ల బాటిళ్లు గడ్డకట్టి ఉంటే 900 పైనే. డీప్‌గా డిశ్చార్జ్ అయినా ఈ 'బ్యాటరీ' పాడవదు, ధర సున్నా. సింగిల్ డోర్ ఫ్రిజ్ ఫ్రీజర్‌లో అన్ని బాటిళ్లు పట్టవు. పైకి తెరుచుకునే చిన్న చెస్ట్ ఫ్రీజర్ అయితే పడతాయి, తలుపు తీసినా చల్లగాలి కిందే ఉండిపోతుంది. బాటిల్ నిండా మాత్రం నింపకండి, గడ్డకడితే పగులుతుంది.

మరి మధ్యలో ఆగిందని ఎలా తెలుస్తుంది?

ఖర్చు లేని పద్ధతి: చిన్న కప్పులో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్‌లో వదిలేయండి. తిరిగొచ్చేసరికి బిళ్ల అడుగున ఉంటే మధ్యలో మంచు కరిగినట్టే. కింది అరలకి మాత్రం అత్యధిక, అత్యల్ప ఉష్ణోగ్రతలు గుర్తుంచుకునే థర్మామీటర్ కావాలి. అది 5 డిగ్రీలు దాటి చాలా పైకి వెళ్లినట్టు చూపిస్తే పాలు, మాంసం, వండిన కూర నిర్మొహమాటంగా పారేయండి. కరెంటు పోయాక తలుపు తీయకపోతే ఫ్రిజ్ దాదాపు 4 గంటలు కాపాడుతుంది, అంతకుమించి నమ్మకూడదు.

ఫోన్‌కి అలర్ట్ కావాలంటే ఈఎస్‌పీ32 బోర్డు, డీఎస్18బీ20 సెన్సార్ చాలు. నెట్ కోసం వైఫై రౌటర్‌ని 24 గంటలూ ఆన్‌లో ఉంచితే 4 వాట్ల చొప్పున రోజుకి 100 వాట్-అవర్స్ పోతాయి. గంటకోసారి లేచి రీడింగ్ పంపేలా పెట్టుకోండి. జీఎస్‌ఎం మాడ్యూల్ కొనేవాళ్లు ఒకటి గమనించాలి: చవకగా దొరికే సిమ్800ఎల్ 2జీ మాత్రమే, జియోకి 2జీ లేదు. 4జీ మాడ్యూల్ తీసుకోండి. ఈ బోర్డు పవర్ ఫ్రిజ్ లైన్ నుంచి కాకుండా వేరే చిన్న బ్యాటరీ నుంచి రావాలి. ఫ్రిజ్‌తో పాటే అదీ చచ్చిపోతే మీకు మెసేజ్ పంపేదెవరు?

అసలు ఆన్‌లో ఉంచాలా?

వీకెండ్‌కి మాత్రమే వెళ్లేవాళ్లకి నిజానికి ఇంత అక్కర్లేదు. శనివారం పొద్దున ఐస్‌బాక్స్‌లో తీసుకెళ్లి, ఫ్రిజ్ అప్పుడు ఆన్ చేస్తే సరిపోతుంది. గొర్రెలు, మేకలకు వేసే టీకాలో, ఇన్సులినో అక్కడ ఉంచాల్సిన అవసరం ఉంటేనే వారమంతా నడపండి. వాటికి 2 నుంచి 8 డిగ్రీలే ఉండాలి, గడ్డకట్టినా పాడవుతాయి. కాబట్టి ఐస్ బాటిళ్లకి ఆనించి పెట్టకూడదు, అలాంటి వాటికి వ్యాక్సిన్ కోసమే తయారైన ఫ్రిజ్ మేలు.

ఆపేసి వెళ్లేవాళ్లు అన్నీ తీసేసి, లోపల పొడిగుడ్డతో తుడిచి, తలుపు మూసుకోకుండా మధ్యలో ఒక చెక్కముక్క పెట్టండి. మూసి వదిలేస్తే వారంలో బూజు పడుతుంది. వెనక కంప్రెసర్ దగ్గర చీమలు, బల్లులు చేరకుండా సన్నని జాలీ బిగించండి, గాలి మాత్రం ఆడాలి.