జట్టులో రెండవ వరుస: ఫుట్‌బాల్ ఆటగాండ్రు – అభ్యసన వైకల్యము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఫుట్‌బాల్ అని పిలువబడు ఆట మన పాఠశాలలలో ఆడు ఫుట్‌బాల్ కాదు. మనవారు ఆడుదానిని అక్కడ సాకర్ అందురు. అమెరికా ఫుట్‌బాల్‌లో బంతి రెండు కొనలును సన్నగిల్లి కోలగా ఉండును. దానిని చేతబట్టి పరుగెత్తవచ్చును, విసరవచ్చును. బంతి గల పక్షము నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందుకు సాగవలెను. సాగలేనిచో బంతి ఎదుటి పక్షమునకు పోవును. మైదానములో ఒక్కొక్క పక్షమున ఉండువారు పదకొండుగురే. అయినను పెద్ద కళాశాల జట్టులో నూరుమంది వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి, ఆటగాండ్రు ఉందురు. ఇంతమంది ఎందుకు? వీరిలో చదువుట, వ్రాయుట యందు పుట్టుకతో చిక్కు గలవారు ఎట్లు నెగ్గుకొని వచ్చుచున్నారు? ఈ రెండు ప్రశ్నలకును దగ్గరి సంబంధము కలదు.

జట్టు లోతు

పూర్వము ఒకే ఆటగాడు దాడియందును, రక్షణయందును ఆడెడివాడు. 1941లో ఆటగాండ్రను మార్చుటకు గల నిబంధనలు సడలింపబడెను. 1953లో వాటిని తిరిగి బిగించిరి. 1960 దశకము మధ్యలో మరల సడలించిరి. నాటినుండి దాడికి పదకొండుగురు, రక్షణకు పదకొండుగురు వేరువేరుగా తయారైరి. బంతిని తన్నుటకును, తన్నువారికి దానిని వెనుకకు అందించుటకును మరి ముగ్గురు నిపుణులు కావలెను. మొత్తము 25 మంది. ప్రతివానికిని ఒక బదులు మనిషి ఉన్నచో 50 మంది అగుదురు. అభ్యాసమున రాబోవు ప్రత్యర్థి పద్ధతిని అనుకరించి ఆడుటకు మరికొందరు కావలెను.

బదులు మనుష్యుల అవసరమును ఒక చిన్న లెక్కవలన గ్రహింపవచ్చును. ఒక ఆటగాడు ఋతువు పొడవునను గాయపడకుండుటకు పదింట తొమ్మిది పాళ్లు అవకాశము ఉన్నదనుకొందము. ఇది ఉదాహరణకు తీసికొన్న అంకె మాత్రమే. ఒకని గాయమునకు మరియొకని గాయముతో సంబంధము లేనిచో, మొదటి వరుసలోని 22 మందియు క్షేమముగా నుండుటకు గల అవకాశము 0.9ను 22 మారులు హెచ్చవేసినచో వచ్చును. ఆ ఫలము 0.1 కంటె కొంచెము తక్కువ. అనగా పది ఋతువులలో తొమ్మిదింట రెండవ వరుసలోని వాడెవడో ఒకడు మైదానములో దిగక తప్పదు. శిక్షకులు ప్రతి స్థానమునకును మొదటివాడు, రెండవవాడు, మూడవవాడు అని వరుసలు వ్రాసి పెట్టుకొనుట ఇందుకొరకే. దీనినే జట్టు లోతు అందురు.

జాతీయ కళాశాలల క్రీడాసంఘమైన ఎన్‌.సి.ఎ.ఎ. పై తరగతి జట్లకు ఫుట్‌బాల్ విద్యార్థి వేతనములను 1973లో 105కు పరిమితము చేసెను. 1978లో అది 95కును, 1994 నాటికి 85కును దిగెను. తక్కినవారు వేతనము లేకయే ఆడెడివారు. 2025 జూనులో న్యాయస్థానము ఆమోదించిన ఒక ఒప్పందమునుబట్టి, అందులో చేరిన విశ్వవిద్యాలయములకు వేతనముల పరిమితి తొలగి, జట్టుకు 105 మంది అను పరిమితి వచ్చెను. దీనివలన చోటు కోల్పోవు పాతవారికి మినహాయింపునకు వీలు కల్పించిరి.

చదువుటలోని చిక్కు

తెలివికి లోటు లేకున్నను అక్షరములను చదువుటయందు కలుగు ఇబ్బందికి 1887లో జర్మనీ నేత్రవైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ డిస్లెక్సియా అను పేరు పెట్టెను. 1896లో ఆంగ్ల వైద్యుడు ప్రింగిల్ మోర్గన్, బడిలో చురుకైనవాడయ్యును చదువ నేర్వలేకపోయిన ఒక పదునాలుగేండ్ల బాలుని గూర్చి వ్రాసెను. కన్నులలో దోషము లేదు. మాటలోని ధ్వనులను విడదీసి గుర్తించుట, ఆ ధ్వనులను అక్షరములతో జోడించుట అను పనులయందు మెదడునకు కలుగు కష్టమే ఇందులకు ముఖ్య కారణమని తరువాతి పరిశోధనలు తెలిపెను. ఇది తరచు కుటుంబములలో వంశపారంపర్యముగా కనిపించును. సోమరితనమునకును దీనికిని సంబంధము లేదు. వ్రాతలోను, గణితములోను కలుగు ఇట్టి చిక్కులను కూడ చేర్చి వీటిని అభ్యసన వైకల్యములు అందురు.

ఆటలోని పాఠము

ఈ ఆటకు దేహబలము మాత్రమే చాలునను తలంపు సరికాదు. ప్రతి జట్టునకును వ్యూహముల పుస్తకము ఒకటి ఉండును. బంతి పట్టువారి పరుగు దారులకు సాధారణముగా 1 మొదలు 9 వరకు అంకెలు ఇత్తురు. సరిసంఖ్య అయినచో మైదానము మధ్యకును, బేసిసంఖ్య అయినచో ప్రక్కగీత వైపునకును తిరుగవలెను. 9 మాత్రము సూటి పరుగు. "836" అని పిలుపు వచ్చినచో ముగ్గురు ఆటగాండ్రు చెరియొక అంకెను గ్రహించి, తన దారిని జ్ఞప్తికి తెచ్చుకొని, ఎదుటివారి అమరికను గమనించి, క్షణములలో కదలవలెను. విన్నదానిని కొద్దిసేపు మనస్సున నిలిపి దానితో పనిచేయు శక్తిని మనోవిజ్ఞానమున కార్యస్మృతి అందురు. అభ్యసన వైకల్యము గలవారిలో పెక్కుమందికి ఇక్కడనే ఒత్తిడి ఎక్కువ.

మొదటి వరుసవాడు ఈ పాఠమును మైదానములో చేసి నేర్చుకొనును. 1991 నుండి ఎన్‌.సి.ఎ.ఎ. అభ్యాసమును వారమునకు 20 గంటలకు పరిమితము చేసినది. ఆ కొద్ది వ్యవధిలో ఎక్కువ భాగము మొదటి వరుసకే పోవును. రెండవ, మూడవ వరుసలవారు చూచియు, చదివియు నేర్చుకొనవలెను. చేసి నేర్చుకొనుటయందు సమర్థుడై చదివి నేర్చుకొనుటయందు వెనుకబడువానికి, సరిగా చదువు అవసరమైన చోటనే స్థానము దొరకుచున్నది. శిక్షకుడు అతనిని "శ్రద్ధ లేనివాడు" అని తలంచినచో అతడు మరింత క్రిందికి దిగును.

దాచిన కష్టము

ఈ కష్టమును దాచుట ఆటగానికి సులభము. ఆట బాగుగా ఆడువానిని ఎవరును అడుగరు. డెక్స్టర్ మాన్లీ ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయమున నాలుగేండ్లు ఉండి, వృత్తి ఆటగాడై పేరు గాంచెను. తనకు చదువ రాకుండెనని 1989లో అమెరికా సెనేటు ఉపసంఘము ఎదుట అతడు బహిరంగముగా చెప్పెను. అభ్యసన వైకల్యము గలవారికై వాషింగ్టన్‌లో నెలకొల్పిన పాఠశాలలో అతడు పెద్దవయస్సున చదువ నేర్చుకొనెను. సరియైన బోధన దొరకినచో నేర్చుట సాధ్యమే అనుటకు ఇది నిదర్శనము.

నిబంధనలును చిక్కులు కలిగించెను. 1986లో అమలునకు వచ్చిన అర్హతా నియమము ప్రకారము 11 ముఖ్య పాఠ్యాంశములలో నిర్ణీత సగటును, ప్రవేశ పరీక్షలో నిర్ణీత మార్కులును కావలెను. అభ్యసన వైకల్యము గలవారికై ఏర్పరచిన తరగతులను ముఖ్య పాఠ్యాంశములుగా తరచు లెక్కింపలేదు. కష్టపడి ఉత్తీర్ణుడైనను విద్యార్థి అనర్హుడయ్యెడివాడు. 1998లో ఎన్‌.సి.ఎ.ఎ. అమెరికా న్యాయశాఖతో ఒప్పందము చేసికొని, తక్కిన తరగతులతో సమానమైన విషయజ్ఞానము నిచ్చు అట్టి తరగతులను అంగీకరించెను. 2023లో ప్రవేశ పరీక్ష మార్కుల నియమమును తొలగించెను.

ఉపాయములు

పరీక్షలో అదనపు వ్యవధి, పాఠములను వినుటకు ధ్వనిముద్రణలు, నోట్సు వ్రాసియిచ్చు తోడు అనునవి అక్కడి కళాశాలలలో ఇచ్చు సదుపాయములు. ఇవి పాఠమును తేలిక చేయవు, పాఠమునకు దారి మాత్రము తెరచును. మైదానములోను ఇదే సూత్రము. వ్యూహమును ఒక్క వాక్యముగా గాక బొమ్మగా గీయుట, నేలపై మెల్లగా నడిపించుట, ఆటగానిచేతనే తిరిగి చెప్పించుట, కొన్నిదినముల కొకసారి మరల అడుగుట మేలైన పద్ధతులు. రెండవ వరుసవానికి అభ్యాసమున కొన్ని వంతులైనను ఇచ్చుట అన్నిటికంటె ముఖ్యము.

మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము నిర్దిష్ట అభ్యసన వైకల్యములను గుర్తించిన 21 వైకల్యములలో చేర్చినది. తరగతిలో చక్కగా మాటలాడి, ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పి, వ్రాతపరీక్షలో మాత్రము తప్పు విద్యార్థి కనిపించినచో ఉపాధ్యాయుడు మొదట అతనిచేత ఒక పేరా బిగ్గరగా చదివించి చూడవలెను. తరువాత అదే పేరాను తాను చదివి వినిపించి ప్రశ్నలు వేయవలెను. రెండు ఫలితములకును చాల భేదమున్నచో అది శిక్షింపవలసిన తప్పు కాదు, నిపుణునిచేత పరీక్ష చేయింపవలసిన లక్షణము.