పరపతికి ఒక అంకె

పూర్వము గ్రామములలో అప్పు పుట్టవలెనన్న మనిషి పరపతియే ఆధారముగ నుండెడిది. ఆ కుటుంబము మాట నిలుపుకొనునా, లేదా అని షావుకారు పదిమంది నోట విని నిర్ణయించుకొనెడివాడు. నేడు బ్యాంకులు ఆ పరపతిని ఒక అంకెలో చూచుకొనుచున్నవి. దానినే క్రెడిట్ స్కోరు అందురు. వాడుకలో సిబిల్ స్కోరు అని పేరు. ఈ అంకె ఎట్లు ఏర్పడును, అప్పునకే గాక ఉద్యోగమునకు సైతము ఎట్లు అడ్డు రాగలదు, దానిని కాపాడుకొనుట ఎట్లు అను విషయములను ఇచ్చట వివరింపదలచినాము.

మన దేశమున సిబిల్ సంస్థ 2000లో ఏర్పడినది. ఇట్టి సంస్థలను నియంత్రించుటకు 2005లో పార్లమెంటు చట్టము చేసినది. నేడు ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు సంస్థలు రిజర్వు బ్యాంకు అనుమతితో పనిచేయుచున్నవి. ఎవరు ఎంత అప్పు తీసికొనిరి, వాయిదాలు గడువులోపల చెల్లించిరా లేదా అను వివరములను బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు వీటికి పంపుచుండును. 2025 జనవరి నుండి ఈ వివరములు పక్షమునకు ఒకసారియైనను చేరవలెనని నియమము వచ్చినది. ఈ వివరములనుబట్టి 300 మొదలు 900 వరకు స్కోరు కట్టుదురు. సామాన్యముగ 750, అంతకు పైబడిన స్కోరును మంచిదిగ నెంచుదురు.

ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. పొలము ఎన్ని ఎకరములు, ఇల్లు ఎంత పెద్దది అనునవి ఈ లెక్కలోనికి రావు. అప్పు తీర్చిన తీరే ప్రధానము. పది ఎకరముల ఆసామి ట్రాక్టరు వాయిదాలు తప్పినచో అతని స్కోరు తగ్గును. కూలి చేసికొనువాడు సెల్‌ఫోను వాయిదాలు సక్రమముగ చెల్లించినచో అతని స్కోరు పెరుగును. స్వల్పకాలములో పలుచోట్ల అప్పునకు దరఖాస్తు పెట్టుట, క్రెడిట్ కార్డుపై పరిమితి నిండ వాడుకొనుట కూడ స్కోరును తగ్గించును.

బంధువుల మాట కాదనలేక హామీ సంతకము చేయువారు మనలో పెక్కురు. అసలు బాకీదారు చెల్లించనిచో ఆ మచ్చ హామీదారునకు సైతము అంటును. బాకీలో కొంత తగ్గించుకొని ఒకేసారి పరిష్కరించుకొన్నను, పూర్తిగ తీరిన అప్పుగ గాక, రాజీపడిన అప్పుగనే నమోదగును. బాకీ రద్దగునను ఆశతో వాయిదాలు ఆపుట కూడ ఇట్లే నష్టకరము.

ఇక ఉద్యోగముల సంగతి. అన్ని కొలువులకు ఈ నియమము లేదు. కాని పరుల ధనముతో వ్యవహరింపవలసిన బ్యాంకు కొలువులలో దీనిని పరిశీలించుచున్నారు. ప్రభుత్వరంగ బ్యాంకుల నియామక ప్రకటనలలో అభ్యర్థికి మంచి రుణచరిత్ర ఉండవలెననియు, బాకీ మచ్చ ఉన్నచో దానిని సరిచేయించుకొనవలెననియు, లేనిచో అప్పిచ్చిన సంస్థనుండి బాకీ లేదను పత్రము తేవలెననియు షరతు పెట్టుచున్నారు. బాకీలు సరిగ చెల్లించని అభ్యర్థి నియామకమును స్టేట్ బ్యాంకు రద్దుచేయగా, 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఆ నిర్ణయమును సమర్థించినది. చదువుకై తీసికొన్న అప్పు విద్యార్థి పేరనే ఉండును. కావున తలిదండ్రులు దాని గడువును మరువరాదు. ఉద్యోగము దొరకక వాయిదా కట్టలేనిచో, గడువు మీరకముందే బ్యాంకు మేనేజరును కలిసి వ్యవధి కోరుట మేలు.

ఎన్నడును అప్పు చేయనివారికి స్కోరే ఉండదు. అట్టివారు భయపడనక్కరలేదు. తొలిసారి అప్పు కోరువారిని కేవలము రుణచరిత్ర లేదను కారణమున త్రోసిపుచ్చరాదని రిజర్వు బ్యాంకు సూచించినది.

పై నాలుగు సంస్థలలో ప్రతిదానినుండియు సంవత్సరమునకు ఒకసారి పూర్తి నివేదికను ఉచితముగ పొందుటకు ప్రతివారికి హక్కు కలదు. మన నివేదికను మనమే చూచుకొన్నందున స్కోరు తగ్గదు. తీరిన అప్పు తీరనట్లున్నను, ఇతరుల అప్పు మన పేర చేరినను, వెంటనే బ్యాంకునకుగాని ఆ సంస్థకుగాని ఫిర్యాదు వ్రాయవలెను. 30 దినములలో పరిష్కారము కానిచో, ఆపై దినమునకు రూ.100 చొప్పున పరిహారము లభించును. అప్పటికిని న్యాయము జరుగనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు విన్నవించుకొనవచ్చును. రుసుము ఇచ్చినచో స్కోరు పెంచెదమని చెప్పు దళారులను నమ్మరాదు. నిజమైన బాకీని రికార్డునుండి చెరిపివేయుట ఎవరి తరము కాదు.

అప్పు తీరిననాడే బాకీ లేదను పత్రము అడిగి తీసికొని, పొలము పాసుపుస్తకముతోపాటు భద్రపరచుకొనుడు. సంవత్సరమునకు ఒకమారు ఇంటిలోని చదువుకొన్న పిల్లలచేత నివేదిక తెప్పించి చదివించుకొనుడు. నేడు తండ్రి చూపిన ఈ జాగ్రత్త రేపు బిడ్డ కొలువునకు అండ కాగలదని మా మనవి.