కేన్సర్ కణంపైకి బొగ్గు బాణం.. గురి చూపేది ఫోలిక్ ఆమ్లం

కాకినాడ: ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. కేన్సర్ కణాన్ని వెదికి పట్టుకునేందుకు శాస్త్రవేత్తలు రూపొందించిన కర్బన నానో నాళికలకు దారి చూపించినదీ ఆ ఆమ్లమే. ఈ కథలో కాకినాడకూ కొంత పాత్ర ఉంది.

భీమవరంలో 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఉన్నత విద్య కోసం అమెరికా వెళ్లదలచినప్పుడు, కాకినాడవాసులకు ఎంఎస్ఎన్ ఛారిటీస్‌గా సుపరిచితమైన మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇచ్చింది. మరికొంత సొమ్మును మామగారు సమకూర్చారు. అలా ఆయన బోస్టన్ చేరుకున్నారు. అనంతరం లెడర్లీ సంస్థలో ఆయన నేతృత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది.

కణాలు విభజన చెందాలంటే ఈ విటమిన్ తప్పనిసరి. దానిని పోలి ఉండి దాని పనికి అడ్డుపడే అమినోప్టెరిన్ అనే మందును 1947లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ బోస్టన్‌లో రక్త కేన్సర్ సోకిన పిల్లలకు ఇవ్వడం ప్రారంభించారు. ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. అయితే ఇటువంటి మందులు కేన్సర్ కణాలతో పాటు వేగంగా పెరిగే మంచి కణాలనూ దెబ్బతీస్తాయి. నోటిపూత, రక్తకణాలు తగ్గిపోవడం వంటి బాధలకు కారణం ఇదే. మందు రోగమున్న చోటికే చేరితే ఈ బాధ తప్పుతుంది. కర్బన నాళికలపై ఆశ పుట్టింది ఇక్కడే.

బొగ్గు, వజ్రం, పెన్సిల్ ములుకు అన్నీ కర్బనమే. అందులోని పరమాణువులు ఒక వరుస వలలా అల్లుకుని గొట్టంలా చుట్టుకుంటే అది నానో నాళిక. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు. తల వెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు కాగా, ఒంటి గోడ నాళిక అడ్డుకొలత ఒకటి రెండు నానోమీటర్లే.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో హోంగ్జీ డాయ్ బృందం 2005లో ఈ నాళికలకు ఫోలిక్ ఆమ్లాన్ని తగిలించింది. అనేక రకాల కేన్సర్ కణాల పైపొరపై ఆ ఆమ్లాన్ని అందుకునే గ్రాహకాలు అధికంగా ఉంటాయి. విటమిన్ వచ్చిందనుకుని కణం దానితో పాటు నాళికనూ లోనికి లాక్కుంటుంది. ఆపై కంటికి కనిపించని పరారుణ కాంతిని ప్రసరింపజేశారు. శరీర భాగాల గుండా తేలికగా సాగిపోయే ఆ కాంతిని నాళికలు పీల్చుకుని వేడెక్కడంతో కేన్సర్ కణాలు చనిపోయాయి. గ్రాహకాలు లేని కణాలు బతికాయి. ఇది గాజుపాత్రలోని కణాలపై జరిగిన ప్రయోగం. ఆ తర్వాత పలు బృందాలు కర్బన నాళికల వేడితో ఎలుకల్లోని కణితులను తగ్గించాయి.

అక్కడి నుంచి రోగి మంచం వరకు దారి మాత్రం సుదీర్ఘం. పొడవైన, బిరుసైన నాళికలను ఎలుకల పొట్టలోకి ఎక్కించినప్పుడు ఆస్బెస్టాస్ నారల మాదిరిగా వాపు కలిగించాయని 2008లో వెల్లడైంది. బహుళ గోడల నాళికల్లో ఒక రకాన్ని మనుషుల్లో కేన్సర్ కలిగించే అవకాశమున్న పదార్థంగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం 2014లో వర్గీకరించింది. కేన్సర్‌ను నయం చేయాల్సిన పదార్థమే ఆ జాబితాలో చేరడం గమనార్హం. నాళికలన్నీ ఒకటి కావు. పొడవు, పైపూత, శుద్ధిని బట్టి వాటి గుణం మారుతుంది. శరీరం నుంచి అవి ఎంత కాలానికి బయటకు పోతాయన్నదీ తేలాల్సి ఉంది. అందుచేత కర్బన నాళికలతో కేన్సర్ నయం చేస్తామని ఎవరైనా వేలకు వేలు అడిగితే నమ్మరాదు. ఆ చికిత్స ఇంకా పరిశోధన దశ దాటలేదు.

శస్త్రచికిత్స గదిలోకి ఇప్పటికే ప్రవేశించిన సూక్ష్మ కర్బనం వేరొకటి ఉంది. చైనాలో థైరాయిడ్ కేన్సర్ శస్త్రచికిత్సల సమయంలో కర్బన నానో కణాల ద్రవాన్ని గ్రంథిలోకి ఎక్కిస్తున్నారు. లింఫ్ గ్రంథులు నల్లబడతాయి. పక్కనే ఉండే చిన్న పారాథైరాయిడ్ గ్రంథులకు ఆ నలుపు అంటదు. ఏది తీయాలో, ఏది కాపాడాలో సర్జన్ కంటికే తెలుస్తుంది.