కంప్యూటర్ విశ్లేషణకూ కావాలి ఫీల్డ్ బుక్: కంటైనర్ డెస్క్‌టాప్ సాధనాల ఉపయోగం, పరిమితులు

రాండమైజ్డ్ బ్లాక్ డిజైన్‌లో ట్రీట్‌మెంట్లను మళ్లకు కేటాయించడానికి పరిశోధక విద్యార్థులు పలువురు ఆర్ సాఫ్ట్‌వేర్‌ను వినియోగిస్తున్నారు. ముందుగా ఒక సీడ్ సంఖ్య ఇస్తే ఎన్నిసార్లు నడిపినా అదే లేఅవుట్ వస్తుందని భావిస్తారు. అయితే 2019 ఏప్రిల్‌లో విడుదలైన ఆర్ 3.6.0లో యాదృచ్ఛిక ఎంపిక చేసే శాంపిల్ ఫంక్షన్ పద్ధతిని మార్చారు. పాత పద్ధతిలోని స్వల్ప అసమానతను తొలగించడమే ఆ మార్పు ఉద్దేశం. ఫలితంగా ఒకే ప్రోగ్రాం, ఒకే సీడ్ సంఖ్య పాత, కొత్త వెర్షన్లలో వేర్వేరు లేఅవుట్లను ఇవ్వవచ్చు. ముద్రిత ప్రతి పోగొట్టుకొని, కొత్త వెర్షన్‌లో లేఅవుట్‌ను తిరిగి తయారుచేసుకున్న విద్యార్థి ఒక మడి దిగుబడిని వేరొక ట్రీట్‌మెంట్ పేరిట నమోదు చేసే ప్రమాదముంది. కంప్యూటర్ ఏ హెచ్చరికా చేయదు. గణన సక్రమంగానే పూర్తవుతుంది. సిఫారసు మాత్రం తప్పుతుంది.

ఇటువంటి చిక్కుకు కంటైనర్ ఒక పరిష్కారం. ప్రోగ్రాంతో పాటు దానికి అవసరమైన సాఫ్ట్‌వేర్ వెర్షన్లు, లైబ్రరీలు అన్నింటినీ ఒకే ఇమేజ్‌గా కూర్చి, ఆ ఇమేజ్‌ను ఏ కంప్యూటర్‌లోనైనా నడపడం దీని సారాంశం. 2013లో వెలువడిన డాకర్ ఈ పద్ధతిని విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చింది. 2014లో ప్రారంభమైన రాకర్ ప్రాజెక్టు ఆర్ సాఫ్ట్‌వేర్ ఇమేజ్‌లను వెర్షన్ల వారీగా అందిస్తోంది.

టెర్మినల్ ఆదేశాలు అలవాటు లేని వ్యవసాయ విద్యార్థులకు డాకర్ డెస్క్‌టాప్, పాడ్‌మన్ డెస్క్‌టాప్, రాంచర్ డెస్క్‌టాప్ వంటి సాధనాలు మార్గాన్ని సుగమం చేస్తాయి. ఉదాహరణకు రాకర్ వారి ఆర్‌స్టూడియో ఇమేజ్‌లో 3.5.3 వెర్షన్‌ను ఎంచుకొని, పాస్‌వర్డ్ పెట్టి, 8787 పోర్టును అనుసంధానిస్తే, నాటి ఆర్ నేటి ల్యాప్‌టాప్‌లోని బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. ఏ కంటైనర్ నడుస్తున్నది, ఎంత మెమరీ వాడుతున్నది, ఏ దోషం నమోదైనది అన్నవి తెరపైనే కనిపిస్తాయి. విండోస్, మ్యాక్ కంప్యూటర్లలో ఈ సాధనాలు లినక్స్ వర్చువల్ మెషిన్‌ను ఏర్పరచి అందులో కంటైనర్లను నడుపుతాయి. కనుక తక్కువ మెమరీ గల యంత్రాలపై భారం పడుతుంది.

సౌలభ్యంతో పాటు కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. మొదటిది, మౌస్ క్లిక్కులు రికార్డుగా మిగలవు. తెరపై ఎంచుకున్న వెర్షన్, పోర్టు, ఫోల్డర్ వివరాలను డాకర్‌ఫైల్‌లో గాని, కంపోజ్ ఫైల్‌లో గాని రాసి, దత్తాంశంతో పాటు భద్రపరచాలి. రెండవది, ‘లేటెస్ట్’ అనే గుర్తుతో ఇమేజ్‌ను తీసుకోరాదు. ఆ గుర్తు నేడు సూచించే ఇమేజ్ రేపు మారవచ్చు. మూడవది, కంటైనర్ లోపలే ఉంచిన ఫైళ్లు దానిని తొలగించగానే పోతాయి. తొలగింపు బటన్ అతి సులభంగా అందుబాటులో ఉండటం వల్ల ఈ ముప్పు మరింత ఎక్కువ. దిగుబడి వివరాలను కంప్యూటర్ ఫోల్డర్‌లోనే ఉంచి, దానిని కంటైనర్‌కు అనుసంధానించాలి. నాలుగవది, ప్యాకేజీల పాత వెర్షన్లను తేదీల వారీగా భద్రపరచిన మైక్రోసాఫ్ట్ వారి ఎంరాన్ భాండాగారం 2023 జులైలో మూతపడింది. దానిపై ఆధారపడిన పాత డాకర్‌ఫైళ్లతో ఇమేజ్‌ను తిరిగి నిర్మించడం కష్టమైంది. కాబట్టి థీసిస్ సమర్పించే నాటికి పూర్తయిన ఇమేజ్‌ను కూడా ఫైల్‌గా దాచుకోవడం మేలు.

లైసెన్సు విషయమూ గమనార్హం. డాకర్ డెస్క్‌టాప్ వ్యక్తిగత, విద్యా అవసరాలకు ఉచితం. 2021లో ప్రకటించిన నిబంధనల మేరకు పెద్ద వ్యాపార సంస్థలు, ప్రభుత్వ సంస్థలు చందా చెల్లించాలి. పాడ్‌మన్, రాంచర్ డెస్క్‌టాప్‌లు ఓపెన్ సోర్స్ సాధనాలు. తరగతి గదికి వర్తించే మినహాయింపు పరిశోధన కేంద్రంలోని కార్యాలయ వినియోగానికి వర్తిస్తుందో లేదో ముందే పరిశీలించుకోవాలి.

విత్తన రకం, ఎరువు మోతాదు, విత్తిన తేదీ రాయని ప్రయోగాన్ని ఏ పరీక్షకుడూ అంగీకరించడు. విశ్లేషణకు వాడిన సాఫ్ట్‌వేర్ వెర్షన్‌కు కూడా అదే స్థానం ఇవ్వాలి. డెస్క్‌టాప్ సాధనం పనిని చూపే కిటికీ మాత్రమే. పదేళ్ల తరువాత సాక్ష్యంగా నిలిచేది ఫైల్‌లో రాసి ఉంచిన వివరమే.