పట్టెడ ముందు నుంచి లేవాలా, వద్దా?

మొన్న ఉగాదికి ఊరికి పోయినప్పుడు మా అన్న నన్నొక మాట అడిగినాడు. "ఒరేయ్, ముప్పై ఆరేండ్లోనికి మీ కంపెనీల్లో ఏదన్నా పని ఇస్తారా?"

నవ్వులాటకు అడిగినాడేమో అనుకున్నా. కాదు. ఊదుగొట్టం చేతిలో అట్లే ఉంది. కుంపట్లో బొగ్గు ఆరిపోతాంది. ఎదురుగా డాకలి మీద సగం తీగ లాగిన చిన్న బంగారు ముక్క. మా అన్న అట్లా పని మధ్యలో ఆపి మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

మాది కమలాపురం. మూడు తరాలుగా బంగారు పని. నేను పులివెందుల జేఎన్‌టీయూలో ఇంజనీరింగ్ చదివి ఇప్పుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. అన్న ఇంటర్‌తో ఆపేసి నాయన పక్కన పట్టెడ దగ్గర కూర్చున్నాడు. "ఇద్దరూ చదివితే పని ఎవడు చేస్తాడు?" అన్నది నాయన మాట. ఎవరిని కూర్చోబెట్టాలో ఆయనే తేల్చినాడు, మమ్మల్ని అడగలేదు. నా కాలేజీ ఫీజుల్లో చాలా భాగం అన్న చేసిన గొలుసులదే. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే తర్వాత నేనిచ్చిన సలహాలన్నీ దీన్ని మరిచిపోయి ఇచ్చినవే.

మా వైపు బంగారమంటే ప్రొద్దుటూరే. "రెండో ముంబై" అని పేరు. దసరాకు అమ్మవారిశాల చూడటానికి ఎంతమంది వస్తారో, పెళ్లిళ్ల కాలంలో నగల అంగళ్లకు అంతమంది వస్తారు. అన్న వారానికి రెండు మూడు సార్లు ఎర్రగుంట్ల మీదుగా బస్సులో పోయి ఒక అంగడి నుంచి బంగారం తూకం వేయించుకుని తెచ్చుకుంటాడు. పని పూర్తి చేసి మళ్లీ తూకం వేసి ఇచ్చేస్తాడు. రెండు తూకాల మధ్య తేడానే తరుగు. కరిగించేటప్పుడు, ఆకురాయి పట్టేటప్పుడు, మెరుగు పెట్టేటప్పుడు కొంత పోతుంది. ఎంత పోవచ్చో ముందే ఒప్పందం. పనిమంతుడైతే అందులో కొంచెం మిగుల్చుకుంటాడు. మా అబ్బ కాలంలో పట్టెడ కింద ఊడ్చిన బూడిదను కూడా కడిగి బంగారం తీసేవాళ్లు. ఇప్పుడు ఆ అంగడి వాళ్లు పొడితో సహా తూకానికి పెట్టమంటున్నారు, గ్రాముకు ఇన్ని రూపాయలని కూలీ మాత్రమే ఇస్తున్నారు.

నేను మొదట అర్థం చేసుకోలేనిది ఇదే. బంగారం ధర పెరిగితే బంగారు పని చేసేవాడు బాగుపడాలి కదా? 2015లో 10 గ్రాములు ఇరవై ఆరు వేల చుట్టుపక్కల ఉండేది. 2025 ఏప్రిల్‌లో లక్ష దాటింది. అన్న ఒక పాత కాగితం వెనక లెక్క రాసి చూపించినాడు. ఇరవై గ్రాముల గొలుసు మీద అంగడి పది శాతం తరుగు, మజూరీ వేసిందనుకుందాం. గ్రాము 2,600 ఉన్నప్పుడు అది 5,200. గ్రాము పదివేలైతే 20,000. గొలుసు అదే, తీగ అదే, అతుకులు అవే. కొనేవాళ్లు కట్టేది నాలుగింతలైంది. అది శాతం లెక్క కాబట్టి ధరతో పాటు ఎక్కుతుంది. అన్నకిచ్చే కూలీ గ్రాము లెక్క, ధర ఎక్కితే దానికేం సంబంధం? పైగా ధర ఎక్కేకొద్దీ జనం తేలిక నగలు అడుగుతారు, లేదా పాతవే మార్చుకుంటారు. గ్రాములు తగ్గితే కూలీ తగ్గినట్టే.

దీనికి తోడు మెషిన్ గొలుసులు. అన్న రెండు రోజులు కూర్చుని చేసేది మెషిన్‌లో నిమిషాల పని, అతుకు కూడా కనపడదు. 2021 జూన్ నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి చేసినారు, 2023 ఏప్రిల్ నుంచి ఆరంకెల హెచ్‌యూఐడీ లేకుండా అమ్మకూడదు. ఏడాదికి 40 లక్షల లోపు వ్యాపారం చేసే చిన్నవాళ్లకు మినహాయింపు ఉంది, కూలీకి చేసిచ్చే ఆచారులకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ కొనేవాళ్లకు ఇదంతా ఎవరు చెప్తారు? "ఆచారీ, దీని మీద ముద్ర ల్యాదే" అని మొహం మీదే అడుగుతారు. హాల్‌మార్క్ మంచిదే, కల్తీ తగ్గింది, అన్న కూడా ఆ మాటే అంటాడు. కాకపోతే తరతరాలుగా గీటురాయి మీద గీసి చూపించిన నమ్మకం పోయి, ఆ నమ్మకం ముద్ర మీదికి పోయింది.

ఈ పని వదిలెయ్యాలా అన్న ప్రశ్న మా ఇంటికి ఇది మొదటిసారి కాదు. చైనా యుద్ధం తర్వాత, 1963 జనవరిలో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చినాయి. అప్పుడు ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయ్. 14 క్యారెట్లకు మించి కొత్త నగ చేయకూడదన్నారు. 22 క్యారెట్లకు అలవాటుపడిన మన జనం 14 క్యారెట్ల నగ ఎవరు కొంటారు? దేశమంతా కంసాలులు పనిలేక రోడ్డున పడ్డారు, ప్రాణాలు తీసుకున్నవాళ్లూ ఉన్నారు. మా అబ్బ పట్టెడ మూలకు నెట్టి, వడ్రంగి పని చేసే బంధువు దగ్గర చేరి నాగండ్లు, బండి చక్రాలు చేసినాడట. ఆ 14 క్యారెట్ల షరతు కొన్నేళ్లకు ఎత్తేసినారు. 1968లో చట్టమొచ్చి, అది 1990లో గానీ రద్దు కాలేదు. అబ్బ మాత్రం షరతు పోగానే వచ్చి పట్టెడ ముందు కూర్చున్నాడు. ఆ మూడేండ్లు ఆయన చెయ్యి మొద్దుబారిందని, సన్నపని మళ్లీ పట్టుబడటానికి ఏడాది పట్టిందని నాయన చెప్పేవాడు.

అబ్బకు అప్పుడు అడ్డమొచ్చింది ఒక రూలు. రూలైతే మార్చుకోవచ్చు. అన్నకు అడ్డమొచ్చింది ఏందో చూపుడువేలు పెట్టి చూపించలేం.

ఇక నా సలహాల సంగతి. మొదటిది, నల్లలింగాయపల్లె సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చూసుకోమన్నా. ఊరికి దగ్గర, నెల నెలా జీతం. అన్న ఏమీ అనలేదు. వదినే అందుకుంది. "ఇరవై ఏండ్లు కుంపటి పొగ మింగినాడు, ఇప్పుడు సిమెంటు దుమ్ము మింగమంటావా?" రెండోది, పీఎం విశ్వకర్మ. 2023 సెప్టెంబరులో మొదలైన ఈ పథకంలో 18 వృత్తుల్లో మా వృత్తి కూడా ఉంది. పనిముట్లకు 15,000, అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత రెండు లక్షల అప్పు. "పనిముట్లు మా తాత కాలంనాటివి ఉండాయి రా, బాగానే ఉండాయి. నాకు కావాల్సింది పని" అన్నాడు. నేను నోరు మూసుకున్నా.

ఆ రాత్రి నిద్ర పట్టక లాప్‌టాప్ తెరిచినా. ఇప్పుడు పెద్ద నగల కంపెనీలన్నీ డిజైన్‌ను ముందు కంప్యూటర్‌లో గీస్తాయి. దాన్ని త్రీడీ ప్రింటర్‌లో మైనం లాంటి పదార్థంతో అచ్చు తీసి, ఆ అచ్చుతో బంగారం పోత పోస్తారు. నెట్‌లో ఉచితంగా దొరికిన ఒక బుట్టకమ్మ మోడల్ దించి, పొద్దున్నే కాఫీ తాగుతూ అన్నకు చూపించినా.

మౌస్ పట్టుకోవడం రాలేదు. బొమ్మ ఒకసారి తలకిందులైంది, ఒకసారి స్క్రీన్ దాటిపోయింది. విసుక్కున్నాడు. నేను తిప్పి చూపిస్తుంటే ఉన్నట్టుండి "ఆపు" అన్నాడు.

"ఈ కొండి ఇంత సన్నగా ఎవడు పెట్టినాడు? ఆరు నెలల్లో అరిగి తెగిపోతాది. బుట్టకేమో ఇంత మందం దేనికి? చెవి సాగిపోతాది. జత పద్దెనిమిది గ్రాములు తూగుతాది ఇది."

కొలతలు స్క్రీన్ పక్కన ఉన్నాయి, ఆయన చూసింది వాటినే. నేను సాఫ్ట్‌వేర్‌లో ఘనపరిమాణం అడిగినా. రెండు కమ్మలకు కలిపి ఒక ఘన సెంటీమీటరు కంటే రవ్వంత ఎక్కువ. 22 క్యారెట్ల బంగారం ఘన సెంటీమీటరుకు సుమారు 17.7 గ్రాములు తూగుతుంది. గుణిస్తే 17.9 వచ్చింది.

అన్న పెద్దగా ఆశ్చర్యపోలేదు. "మరి?" అన్నట్టు చూసినాడు. నేనే రెండుసార్లు లెక్క చూసుకున్నా.

ఆ మోడల్ గీసినవాడికి సాఫ్ట్‌వేర్ వచ్చు, చెవి తెలియదు. అన్నకు చెవి తెలుసు, మౌస్ తెలియదు. మౌస్ నేర్చుకోవచ్చు. అయితే నా సంబరం ఆయనకు అంటలేదు. ఆయన అడిగినవి వేరు. "ఇది నేర్చుకోవడానికి ఎన్ని నెలలు పడతాది? అన్నినాళ్లు ఇల్లు ఎట్ల గడుస్తాది? నేర్చుకున్నాక పని ఇచ్చేదెవరు? ప్రొద్దుటూర్లో ఇస్తారా, హైదరాబాద్ పోవాల్నా? రేపు ఈ బొమ్మ కూడా ఆ ఏఐ ఏదో అదే గీసేస్తే?" చివరి ప్రశ్న నా ఉద్యోగానికి కూడా వర్తిస్తుందని ఆయనకు చెప్పలేదు. మా ఆఫీసులో మేము రోజూ భోజనాల దగ్గర మాట్లాడుకునేది అదే.

ఒక ఒప్పందానికొచ్చినాం. ఆరు నెలలు ఇంటి సామాను ఖర్చు నాది. పాత లాప్‌టాప్ అక్కడే వదిలేసి వచ్చినా. ఆదివారం సాయంత్రం వీడియో కాల్‌లో గంటసేపు నేర్పిస్తున్నా. డబ్బు తీసుకోనని మొదట మొండికేసినాడు. నా ఫీజుల సంగతి ఎత్తితే కోపమొచ్చింది, "అది అప్పు కాదు రా" అన్నాడు. చివరికి వదిన చెప్తే ఊరుకున్నాడు.

మొన్న ఆదివారం ఫోన్ చేస్తే పాఠం వద్దన్నాడు. మూడు పెళ్లిళ్ల తాళిబొట్లు ఒప్పుకున్నాడట. ఎంత పెద్ద అంగట్లో నగలు కొన్నా, తాళిబొట్టుకు మాత్రం ఇంకా ఆచారి దగ్గరికే వస్తారు మావైపు. "ఇవి అయిపోనీ, వచ్చే వారం చూద్దాం. ఆ వలయాలు కలిపేది ఎట్లనో మళ్లీ మర్చిపోయినా" అన్నాడు. వెనక కుంపటి ఊదుతున్న చప్పుడు. ఊదుతున్నది పాపట, సెలవులు కదా.

జూన్‌లో ఆ పాప స్కూలు ఫీజు కట్టాలి. అప్పటికి తేల్చుకుంటానన్నాడు.