మందులకు లొంగని క్రిములు: పంచాయతీల కర్తవ్యము

భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సారథ్యమున రూపొందిన ఆరియోమైసిన్ అను యాంటీబయోటిక్ 1948లో లోకమునకు పరిచయమైనది. నేడు అట్టి మందులకు లొంగని క్రిములు ఆసుపత్రులలో ప్రబలుచున్నవి. వీటి వలన 2019లో ప్రపంచమున సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించిరని అంచనా.

ఇందుకు కారణమేమి? అవసరము లేకున్నను మందు వాడినచో బలహీనమైన క్రిములు నశించి, మందును తట్టుకొన్నవి మిగిలి వృద్ధి చెందును. కడుగని చేతుల ద్వారా అవి ఒక రోగి నుండి మరొకరికి ప్రాకును. ఇందల్వాయి నుండి కాన్పునకో, శస్త్రచికిత్సకో నిజామాబాదు వెళ్ళువారికిని ఈ ముప్పు కలదు.

జలుబుకు ఈ మందులు పనిచేయవు. కోళ్ళ దాణాలో కొలిస్టిన్ వాడుక 2019లోనే నిషిద్ధమైనది. వైద్యుని చీటీ లేనిదే యాంటీబయోటిక్ కొనరాదనియు, రోగిని చూడబోవువారు సబ్బుతో చేతులు కడుగుకొనవలెననియు సభ్యులు గ్రామసభలో చాటవలెనని కోరుచున్నాము.