చేపల తొట్టిలో ఇసుక మార్చాలా?

మీ ఇంట్లో చేపల తొట్టి ఉందనుకోండి. ఏడాది గడిచేసరికి అడుగున ఇసుక నల్లబడుతుంది. కాకినాడ వారికి సముద్రం దగ్గరే కదా! ఒక సంచెడు ఇసుక తెచ్చి, పాతది పారబోసి, కొత్తది పరిస్తే సరిపోతుందని ఎవరికైనా తోస్తుంది. తొట్టి మెరిసిపోతుంది కూడా. కాని రెండు మూడు రోజుల్లో చేపలు పైకి వచ్చి, నోళ్ళు తెరచి రొప్పుతాయి. కొన్ని చచ్చి తేలుతాయి. ఎందుకని?

చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జిస్తాయి. మిగిలిన మేత కుళ్ళినా అదే పుడుతుంది. ఏటిలో అయితే కొట్టుకుపోతుంది. తొట్టిలో ఎక్కడికి పోతుంది? ఇసుక రేణువులను అంటిపెట్టుకున్న ఒక రకం బాక్టీరియా దానిని నైట్రైటుగా, మరొక రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. మొదటి రెండూ చేపలకు విషాలే. మూడవది మరీ పేరుకుంటే తప్ప అంత హాని చేయదు. వీటిని 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రజ్ఞుడు వేరుచేసి చూపాడు. రెండు పనులూ ఒక్కటే చేయగల బాక్టీరియా కూడా ఉందని 2015లో తెలిసింది.

ఇసుకలోనే ఎందుకు ఉంటాయంటారా? చిన్న లెక్క వేయండి. ఒక సెంటీమీటరు ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దానినే మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే 60! అంటే బాక్టీరియాకు పదిరెట్లు చోటు. ఆ ఇసుకను పారబోస్తే తొట్టి మూత్రపిండాన్ని తీసివేసినట్లే. నీటిని వడకట్టే స్పాంజిలో కొన్ని మిగులుతాయి గాని, అన్నిసార్లూ అవి చాలవు. ఈ బాక్టీరియా చాలా నెమ్మదిగా పెరుగుతాయి. కొత్త ఇసుకలో కుదురుకోవడానికి వారాలు పడుతుంది.

సముద్రపు ఇసుకతో మరో చిక్కు. ఉప్పు కడిగితే పోతుంది. గవ్వల ముక్కలు పోవు. వాటిలోని కాల్షియం కార్బొనేటు నీటి క్షారగుణాన్ని పెంచుతుంది. క్షారపు నీటిలో అమ్మోనియా మరింత విషమవుతుంది. గుప్పెడు ఇసుకపై నిమ్మరసం పిండి చూడండి: బుడగలు వస్తే ఆ ఇసుక వద్దు. గోదావరి ఇసుక మేలు, అయినా పరీక్షించాకే వేయండి.

మరి మన డెల్టాలో చేపల చెరువులను ఎండగట్టి, నల్ల బురద తీసి, సున్నం చల్లుతారు కదా అంటారేమో. నిజమే. కాని అప్పుడు చెరువులో చేపలుండవు!

ఆ నలుపు సంగతీ చెప్పాలి. అడుగుపొరలకు గాలి అందదు. అక్కడ పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ ఇనుముతో కలిసి నల్లబడుతుంది. కుళ్ళిన గుడ్ల వాసన ఆ వాయువుదే. కెలికితే అది నీటిలో కలుస్తుంది, చేపలకు ప్రమాదం.

కాబట్టి ఇసుకను కెలకకుండా, సన్నని గొట్టంతో నీటితోపాటు పీల్చి తీయండి. ఒకసారికి నాలుగో వంతే. మళ్ళీ రెండు వారాలు ఆగాలి. కొత్త ఇసుకను కడిగిన నీరు తేటగా వచ్చేదాకా కడిగి, గ్లాసుతో అడుగుదాకా దించి మెల్లగా ఒంపండి. ఊరికే అదనంగా వేయదలచినా ఇదే పద్ధతి. ఒకేసారి మందంగా పోస్తే కింది బాక్టీరియాకు ఊపిరాడదు. తీసిన పాత ఇసుకలో నల్లబడని పై భాగాన్ని కొంత దోమతెర గుడ్డలో మూటకట్టి తొట్టిలోనే ఉంచండి. దానిని కుళాయి నీటితో కడగవద్దు, అందులోని క్లోరిన్ బాక్టీరియాను చంపుతుంది. ఆ రోజుల్లో మేత సగానికి తగ్గించండి.

చివరి విడత అయిన నెలకు మూట తీసివేయవచ్చు. ఆ ఇసుక పూలకుండీలో పోయండి, మొక్కలకు నైట్రేటు ఇష్టమే.